పై వాటా ఫోను, కింది గదిలో పాట

ఎందుకు రాస్తున్నానంటే

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మానేసిన రోజు దాకా నన్ను జనం అడిగిన ప్రశ్న ఒకటే: "ఆడపిల్లవు, స్పీకర్ల దుకాణంలో నీకేం పని?" జవాబు చెప్పడం చాలా ఏళ్ల కిందటే మానేశాను. ఈమధ్య మా దుకాణంలో కొత్తగా ఇద్దరు అమ్మాయిలు చేరారు. వాళ్లు ఇంటికి వచ్చి, "మేడం, మీకు తెలిసింది మాకు రాసివ్వండి" అన్నారు. వాళ్ల కోసమే ఇది. జీతం ఎప్పుడు పెరిగింది, నన్ను మేనేజర్‌ని ఎప్పుడు చేశారు అన్నవి రాయను. వాటివల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

మా నాన్నది తెనాలి వైపు. రైల్వేలో ఉద్యోగం వచ్చి మెట్టుగూడ క్వార్టర్సుకు వచ్చారు. నేను అక్కడే పుట్టాను. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, తార్నాక చౌరస్తాకు కాస్త లోపలగా ఉన్న దుకాణంలో టేప్‌రికార్డర్లు బాగుచెయ్యడానికి చేరాను. టేపులు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి ఫోన్లు వచ్చాయి. చివరికి తీగలు కూడా పోయాయి. ఇన్ని మారినా నా పని మారలేదు. ఒక ఇంటికి వెళ్లడం, ఆ ఇంట్లో పాట ఎవరికి కావాలో, ఎక్కడ కావాలో కనుక్కోవడం, దానికి తగిన డబ్బా పెట్టి రావడం. ఇంతే.

ఇది చిన్న పనే. కానీ ఎంతమంది తమ వంటింట్లోకీ, పడకగదిలోకీ నన్ను రానిచ్చి, మంచినీళ్లిచ్చి, తమకు ఇష్టమైన పాట ఏదో చెప్పారో తలుచుకుంటే, ఇంకో ఉద్యోగంలో ఇది దొరికేది కాదనిపిస్తుంది.

యాదగిరి గారు

మా యజమాని పేరు యాదగిరి. ఊరు భువనగిరి పక్కన, కాపురం లాలాపేటలో. మనిషి పొట్టి, గొంతు పెద్దది. దుకాణంలో బేరం వద్దనుకుంటే వచ్చినవాళ్లను నిర్మొహమాటంగా పంపించేసేవారు. కంపెనీ ప్రతినిధులు టై కట్టుకుని వచ్చి, "సార్, ఇది ఇన్ని వాట్లు" అని మొదలుపెడితే, "వాట్లు పక్కకు పెట్టు. గీ పాటల పాడేటామె ఊపిరి తీసుకున్నది ఇనవడుతదా లేదా, గది చెప్పు" అనేవారు.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. స్పీకరును దుకాణంలో వినిపించి అమ్మకూడదు. కొనేవాళ్ల ఇంటికి తీసుకెళ్లి, వాళ్లు రోజూ కూర్చునే చోట కూర్చోబెట్టి, వాళ్లకు కంఠతా వచ్చిన పాట, వాళ్లు మామూలుగా వినేంత శబ్దంతో పెట్టాలి. దుకాణంలో గట్టిగా మోగిందల్లా బాగుందనిపిస్తుంది. ఇంటికెళ్లాక గోడ మూలన పెడితే అదే డబ్బా గుంయ్‌గుంయ్‌మంటుంది, మాట అర్థం కాదు. గోడకు జానెడు ముందుకు జరిపితే సగం రోగం తగ్గుతుంది. ఈ సంగతి పెట్టె మీద ఏ కంపెనీ వాడూ అచ్చు వెయ్యడు.

నేను మొదటిసారి ఆయన వెంట వెళ్లినప్పుడు పెట్టె విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"జర ఆగు బిడ్డా. ముందుగాల ఇల్లు ఏం చప్పుడు చేస్తున్నదో ఇను."

విన్నాను. ఫ్యాను టకటకలు, పక్కింటి కుక్కరు, రోడ్డు మీద బస్సు. వీటి మధ్య పాట బతకాలి. ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు ఊరికే కూర్చోవడం అలవాటైంది.

ఆయనలో లోపాలు లేకపోలేదు. తీగలు లేని స్పీకర్లు వచ్చిన కొత్తలో వాటిని దుకాణంలోకి రానివ్వలేదు. "తీగ లేని పాటను నేను నమ్మ" అని భీష్మించుకున్నారు. పక్కవాళ్లందరూ అమ్ముతుంటే మేం చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఒకసారి వారాసిగూడలో ఒకరింట్లో మూడు గదులకూ తీగలు లాగుతుంటే ఆ ఇంటాయన గడప దగ్గర తీగ తట్టుకుని పడబోయాడు. బయటికి రాగానే యాదగిరి గారు, "వసంతా, గా తీగలేనివి తెప్పియ్యి" అన్నారు. తన మాట తానే మార్చుకోవడానికి ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు. అంత మొండి మనిషిలో ఆ గుణం ఉండటం నా అదృష్టం.

తీగ లేకపోతే వచ్చే తిప్పలు

తీగ కంటికి కనిపిస్తుంది, తెగితే తెలుస్తుంది. గాలిలో వచ్చే పాట ఎందుకు ఆగిందో చెప్పడం కష్టం. మెట్టుగూడ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "అమ్మా, మీ స్పీకరుకు ఆకలెక్కువలా ఉంది. నేను కూర వేడిచేసినప్పుడల్లా పాట మానేస్తోంది" అన్నారు. వెళ్లి చూస్తే మైక్రోవేవ్ ఓవెన్ పక్కనే పెట్టుకున్నారు. ఆ ఓవెన్ నడిచేదీ, ఈ పాట నడిచేదీ దాదాపు ఒకే రకం తరంగాల మీద. రెండూ పక్కపక్కన ఉంటే ఓవెన్‌దే పైచేయి. స్పీకరును అవతలి గట్టు మీదికి మార్చాను. ఆవిడ నాకు ఆ వేడి చేసిన కూరతోనే అన్నం పెట్టారు.

మరో ఇంట్లో హాల్లో ఒక కంపెనీది, వంటింట్లో ఇంకో కంపెనీది పెట్టించుకున్నారు. ఒకే పాట రెండింట్లో పెడితే ఒకటి ముందు, ఒకటి వెనక. మధ్యలో నిలబడితే బావిలో అరిచినట్టుంది. ఇంటి నిండా ఒకే పాట నడవాలంటే అన్నీ ఒకే కుటుంబానివి కావాలి, ఒకదాని మాట ఒకటి వినేవి కావాలి. లేదూ, ఒక్కటే మంచిది కొని చేత్తో మోసుకు తిరగడం మేలు. నా అనుభవంలో నాలుగు గదులకు నాలుగు కొన్నవాళ్లలో చాలామంది చివరికి ఒక్కటే వాడారు.

ఈ బ్లూటూత్ స్పీకర్లకు ఇంకో గుణం ఉంది. ఒక ఫోనుతో ఒకసారి జత కలిస్తే దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. మనం మర్చిపోయినా అవి మర్చిపోవు. దీనివల్ల జరిగిన ఒక గొడవను వివరంగా చెప్పాలి. నా ఉద్యోగమంతటిలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది అదే.

కామేశ్వరి గారి ఫిర్యాదు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మా దుకాణం యూనివర్సిటీకి కూతవేటు దూరం. బంద్ పిలుపు వస్తే షట్టర్ దించేవాళ్లం. బాష్పవాయువు వదిలితే తార్నాక దాకా కళ్లు మండేవి. యాదగిరి గారు ర్యాలీలకు వెళ్లేవారు. మా ఇంట్లో మాట్లాడేది గుంటూరు యాస. ఒకరోజు నేను ఆయన్ను అడిగాను: "సార్, రేపు రాష్ట్రం వస్తే నేను ఇక్కడ పనిచెయ్యొచ్చా?"

ఆయన చేతిలో పని ఆపి నా వంక చూశారు. "మెట్టుగూడల పుట్టినవ్. మా ఊరోళ్ల కంటే ముందుగాల నువ్వే గీడున్నవ్. నన్నడుగుతవేంది?" అని మళ్లీ స్క్రూ తిప్పుకోవడంలో పడ్డారు. నాకు ఆ మాట చాలింది.

ఆ రోజుల్లోనే కామేశ్వరి గారు ఫోన్ చేశారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. కాకినాడ నుంచి భర్త ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్నారు. భర్త పోయాక అత్తగారితో కింద ఉంటూ, పై గది యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న స్వరూప అనే అమ్మాయికి అద్దెకిచ్చారు. అత్తగారికి ఎనభై దాటాయి. తుంటి ఎముక విరిగాక మంచం దిగలేరు. ఆవిడ పాటలు వినడానికి కామేశ్వరి గారు మా దగ్గర ఒక బ్లూటూత్ స్పీకరు కొన్నారు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి బంద్. ఇంటికి వచ్చి అమర్చే వీలు లేక, పెట్టె చేతికిచ్చి పంపాం.

"వసంతా, నువ్వొకసారి రావాలమ్మా. పై పిల్ల నన్ను నా ఇంట్లోనే అవమానిస్తోంది."

వెళ్లాను. ఆవిడ కూర్చోమని కూడా అనలేదు.

"నేను గేటు దాటి బజారుకు వెళ్తే చాలు, మా అత్తగారి గదిలో ఉద్యమం పాటలు మొదలు! డప్పులు, కేకలు! తిరిగొచ్చేసరికి మళ్లీ మామూలే. ఒకటి రెండుసార్లంటే పొరపాటనుకుంటాను. ఎప్పుడు వెళ్తే అప్పుడే! పైనుంచి నేనెప్పుడు వెళ్తానా అని చూస్తూ కూర్చుంటోందన్నమాట. ఆంధ్రావాళ్లమనేగా?"

"ఆ అమ్మాయిని అడిగారా?"

"అడిగితే, 'నేను మీ స్పీకర్ ముట్టనే లేదు' అంటుంది. అబద్ధం! నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాను. గదికి తాళం వేసుకుని ఎటో వెళ్లిపోయింది."

అత్తగారి గదిలోకి వెళ్లాను. పెద్దావిడ సన్నగా, తెల్లగా, దిండుకు ఆనుకుని ఉన్నారు. "అమ్మా, ఆ పాటలు ఎవరు పెడుతున్నారో మీకేమైనా తెలుసా?" అని అడిగాను.

"నాకేం తెలుసమ్మా, మంచంలో ఉన్నదాన్ని" అని కిటికీ వైపు తిరిగిపోయారు.

నేను కామేశ్వరి గారిని రెండే ప్రశ్నలు అడిగాను. స్పీకరు కొన్న రోజు దాన్ని మొదట ఎవరు పనిచేయించారు? "నాకు రాకపోతే ఆ పిల్లే తన ఫోనుతో ఒకసారి వినిపించి, తర్వాత నా ఫోనుకు కలిపింది." బజారుకు వెళ్లేటప్పుడు మీ ఫోను వెంట తీసుకెళ్తారా? "తీసుకెళ్లనూ మరి?"

సంగతి అర్థమైంది. ఆవిడ ఫోను గేటు దాటగానే స్పీకరుకు జత తెగుతోంది. అది తనకు తెలిసిన రెండో ఫోను కోసం చూస్తోంది. ఆ ఫోను సరిగ్గా పై గదిలో ఉంది. ఆవిడ తిరిగి రాగానే మళ్లీ ఆవిడ ఫోనునే పట్టుకుంటోంది. చెప్పాను.

"మిషన్ మీదికి నెట్టి ఆ పిల్లను వెనకేసుకు రాకమ్మా" అన్నారు కామేశ్వరి గారు. "అంత తెలివి ఆ డబ్బాకు ఎక్కడుంది?"

మాటలతో లాభం లేదని తెలిసింది. ఇద్దరి ఎదుటా చేసి చూపించాలి. స్పీకరు సంచిలో పెట్టుకుని స్వరూప కోసం యూనివర్సిటీకి బయలుదేరాను. నా పని స్పీకర్లు అమ్మడమే కావచ్చు. కానీ మేం అమ్మిన వస్తువు వల్ల ఒక అమ్మాయికి గది పోతుంటే దుకాణంలో కూర్చుని ఉండలేను కదా.

గేటు దగ్గర

ఆ రోజు యూనివర్సిటీ గేటు దగ్గర పోలీసులు బారులు తీరి ఉన్నారు. ఒక ఎస్సై నా సంచి వైపు చూపించి, "ఏముందమ్మా అందులో?" అన్నాడు.

"స్పీకరండీ."

ఆ మాట అనాల్సిన చోటు కాదని అన్నాక తెలిసింది. నలుగురు కానిస్టేబుళ్లు దగ్గరికొచ్చారు.

"స్పీకరా? మీటింగుకా?"

"కాదండీ. తార్నాకలో ఒక పెద్దావిడ మంచంలో పడుకుని వినేది."

"ఆవిడ తార్నాకలో ఉంటే స్పీకరు ఇక్కడికెందుకు?"

"దీన్ని పాడిస్తున్న ఫోను లోపల ఉందండీ."

ఎస్సై నన్ను పైనుంచి కిందికి చూశాడు. తీసి చూపించమన్నాడు. కొబ్బరికాయంత డబ్బా. నా ఫోను కలిపి ఒక భక్తిపాట పెట్టాను. రోడ్డు మీది రొదలో అది మాకే సరిగా వినబడలేదు.

"దీంతో మీటింగేం పెడతారులే, వెళ్లండి" అన్నాడు. నేను రెండడుగులు వేశాక ఒక కానిస్టేబులు వెంట వచ్చి, "మేడం, ఇది కరెంటు లేకుంటే గూడ పాడుతదా? మా అమ్మకు కావాలె" అని మెల్లగా అడిగాడు. దుకాణం ఎక్కడో చెప్పాను. నిజంగానే వచ్చి కొనుక్కున్నాడు.

స్వరూప ఆర్ట్స్ కాలేజీ దగ్గర చెట్ల కింద దీక్షా శిబిరంలో ఉంది. పొడుగ్గా, చామనఛాయగా, గొంతు పాటలు పాడి పాడి బొంగురుపోయి. జనగామ వైపు రైతు కుటుంబం. నా యాస వినగానే ముఖం బిగించింది.

"గామె పంపిందా మిమ్మల్ని?"

"లేదమ్మా. నేను స్పీకరు అమ్మినదాన్ని."

"నేను దాన్ని ముట్టలే మేడం. ఆడపిల్లనని రాత్రి ఎంత లేటయినా గేటు తీసి పెడుతదామె. నాకు జరమొచ్చి పెయ్యి బాగలేనప్పుడు చారు కాచి పైకి పంపింది. గసుంటి మనిషికి నేనెందుకు గిట్ల చేస్త? చెప్పినా ఇనకపాయె."

ఆ మాటల్లో కోపం కంటే బాధే ఎక్కువుంది. స్పీకరు తీసి గట్టు మీద పెట్టి, నా ఫోను ఆపేసి, మీట నొక్కి, "నీ ఫోనులో బ్లూటూత్ వేసి ఏదైనా పాట పెట్టు" అన్నాను.

"ఎప్పుడూ వేసే ఉంటది. మా దోస్తులు పాటలు పంపుకునేది దాంట్లనే కద."

ఆ రోజుల్లో విద్యార్థులు ఉద్యమ పాటలు ఒకరి ఫోను నుంచి ఒకరికి అలాగే పంపుకునేవారు. స్పీకరు కుయ్‌మంది. స్వరూప పాట నొక్కింది. ఫోను మూగగా ఉండిపోయింది. గట్టు మీది డబ్బాలో డప్పు మోగింది.

స్వరూప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! అందుకేనా నా ఫోన్ల పాట ఇనవడకపోయేది! ఖరాబైందనుకొని రెండుసార్లు రిపేరోని దగ్గరికి పోయిన. ఆడికి పోతె మంచిగనే పాడుతది, గదిల పెడితె బంద్ అయితది. పరేషాన్ అయిన మేడం!"

పైన పాట వినబడక ఆమె, కింద పాట ఆగక కామేశ్వరి గారు. ఇద్దరినీ సతాయించింది ఒక్కటే పాట. శిబిరంలో ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. నవ్వు ఆగాక స్వరూప చెప్పులేసుకుంది. "పాండి మేడం. గామెకు చూపిద్దాం."

ఎవరి పాట

ఇంటికి తెచ్చి స్పీకరును దాని చోట పెట్టాం. కామేశ్వరి గారు స్వరూపను చూసి మొహం తిప్పుకున్నారు. స్వరూపను పైకి వెళ్లి ఏదో ఒక పాట పెట్టుకోమన్నాను. కామేశ్వరి గారిని తన ఫోనుతో వీధి చివరి దాకా నడవమన్నాను. ఆవిడ సణుక్కుంటూ వెళ్లారు. నేను పెద్దావిడ మంచం పక్కన నిలబడ్డాను.

కాసేపటికి స్పీకరు చిన్నగా మోగింది. అందులోంచి వచ్చింది ఉద్యమం పాట కాదు. డప్పు లేదు, వాయిద్యమే లేదు. ఒక ఆడమనిషి పాడుతోంది. వెనక నీళ్లలో అడుగులు వేస్తున్న చప్పుడు, ఎవరో అందుకుని పాడటం. పొలంలో నాట్లు వేస్తూ పాడే పాట. ఫోనులో రికార్డు చేసింది కాబట్టి గరగరమంటోంది, కానీ గొంతు మాత్రం గంటలా ఉంది.

పెద్దావిడ చెయ్యి దుప్పటి మీద తాళం వెయ్యడం చూశాను. కళ్లు మూసుకున్నారు.

కామేశ్వరి గారు వీధి చివర నుంచి పరుగు లాంటి నడకతో వచ్చేశారు. స్వరూప మెట్లు దిగి గుమ్మంలో నిలబడింది, పాటను ఆపకుండానే. ఆ ఫోను ఆమె చేతిలో మౌనంగా ఉండటం, గదిలో పాట రావడం కామేశ్వరి గారు రెండు కళ్లతో చూశారు. మంచం అంచున కూర్చుండిపోయారు.

"అయితే నిజమే. నేనే తొందరపడ్డాను తల్లీ" అన్నారు.

"మీది గూడ తప్పు లేదు మేడం. నేనైనా గట్లనే అనుకుందు."

నేను స్పీకరు చేతిలోకి తీసుకుని, "ఈ ఫోను జత తీసేస్తానండీ, ఇక మీకు ఇబ్బంది ఉండదు" అన్నాను.

"ఏవిటే, ఏం తీసేస్తున్నారు?" అని మంచం మీంచి గట్టిగా వినబడింది. పెద్దావిడ కళ్లు తెరిచారు. "ఆ నాట్ల పాట పోతుందా? వీల్లేదు."

కామేశ్వరి గారు తెల్లబోయారు. "అత్తయ్యా! మీకు ఈ పాట తెలుసా?"

"తెలీకపోవడమేం? నువ్వు వీధిలోకి వెళ్తే గానీ రాదుగా అది!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కామేశ్వరి గారు మెల్లగా అన్నారు: "అందుకేనా? ఈమధ్య రోజూ కొత్తిమీర లేదే, కరివేపాకు లేదే, చిక్కుడుకాయలు తినాలనుందే అని నన్ను బజారుకు తరుముతున్నారు?"

పెద్దావిడ మళ్లీ కిటికీ వైపు తిరిగారు. చిన్నపిల్లలా నవ్వును లోపలికి మింగారు. స్వరూప ఆపుకోలేకపోయింది. కామేశ్వరి గారికీ నవ్వు వచ్చేసింది.

"డప్పు పాటలు నాకు పట్టవు గానీ," అన్నారు పెద్దావిడ, "వాటి మధ్యలో ఇది వస్తుందని విన్నాను. మా కోనసీమలో కూలి ఆడవాళ్లు ఈ వరసే పాడేవారు. మాటలు వేరు. పెళ్లికాక ముందు గట్టు మీద కూర్చుని వినేదాన్ని. మళ్లీ ఇన్నేళ్లకు వినబడింది. ఎవరమ్మాయ్, పాడేది?"

"మా అమ్మ" అంది స్వరూప. "లచ్చమ్మ. పోయిన వానకాలం మా పొలంలనే రికార్డు చేసిన."

మళ్లీ ఎంచుకోవడం

దుకాణానికి వచ్చి జరిగింది చెబితే యాదగిరి గారు చాలాసేపు నవ్వారు. తర్వాత, "గా డబ్బా గామెకు పనికిరాదు బిడ్డా" అన్నారు. "ఇనేటామెకు ఫోను లేదు. ఫోనున్నామెకు ఇనే ఓపిక లేదు. పాట ముసలామె చేతిలుండాలె."

ఆయన చెప్పింది ఎంత నిజమో. ఆ ఇంట్లో పాట వినే మనిషి ఒకరు, నడిపే మనిషి ఇంకొకరు. కోడలు బయటికి వెళ్తే పాట పోయేది. మర్నాడు మూడు రకాల స్పీకర్లు తీసుకుని మేమిద్దరం వెళ్లాం. మూడూ మెమరీ కార్డు మీద కూడా పాడేవి. వాటిని మంచం పక్క బల్ల మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, లచ్చమ్మ పాటే వినిపించాం.

మొదటిది ఖరీదైంది. "ఇందులో ఆ లచ్చమ్మ గొంతు కంటే నా గుండెల్లో దడే ఎక్కువ వినిపిస్తోంది" అన్నారు పెద్దావిడ. వయసు పైబడ్డ చెవికి సన్నని శబ్దాలు ముందు తగ్గిపోతాయి. కింది స్థాయి గుంయ్‌మనే మోత ఎక్కువున్న స్పీకరు వాళ్లకు మాటను మింగేస్తుంది. రెండోది బాగానే ఉంది, కానీ మీటలు గోరంత ఉన్నాయి, ఆవిడ వేలికి దొరకలేదు. మూడోది చూపుకు మోటుగా ఉంది. ముందు ఒక పెద్ద గుండ్రటి మీట ఉంది, తిప్పితే శబ్దం పెరుగుతుంది, నొక్కితే పాట మారుతుంది. ఆవిడ దాన్ని తిప్పారు. నొక్కారు. మళ్లీ నొక్కారు. మా ముగ్గురినీ పట్టించుకోవడం మానేశారు.

"గిదే" అన్నారు యాదగిరి గారు.

స్వరూప తన అమ్మ పాటలన్నీ కార్డులోకి వేసి తెచ్చింది. పైన ఆమె ఫోనులో ఆమె పాటలు ఆమెకే వినబడసాగాయి. గది ఖాళీ చెయ్యడం అన్న మాట మళ్లీ రాలేదు. బంద్‌లు, లాఠీచార్జీలు ఆగలేదు. ఆ ఇద్దరూ రాష్ట్రం సంగతి మీద పేచీ పడటమూ ఆగలేదు. కామేశ్వరి గారు విడిపోకూడదనేవారు, స్వరూప విడిపోవాలనేది. అయినా గేటు మాత్రం స్వరూప వచ్చేదాకా తెరిచే ఉండేది.

పిల్లలూ, మీరు రేపు ఒక ఇంటికి వెళ్లినప్పుడు, కొనేవాళ్లను కాదు, వినేవాళ్లను వెతకండి. వాళ్లు చాలాసార్లు లోపలి గదిలో ఉంటారు, అడిగితే "నాకేం తెలుసు" అంటారు. మీట వాళ్ల చేతికి ఇచ్చి చూడండి. ఇంతకు మించిన పరీక్ష నాకు తెలియదు.

లచ్చమ్మ వచ్చిన రోజు

ఆ తర్వాత వానకాలం పనులు అయిపోయాక లచ్చమ్మ బిడ్డను చూడటానికి హైదరాబాద్ వచ్చింది. నేను ఆ రోజు స్పీకరుకు కొత్త బ్యాటరీ వెయ్యడానికి వెళ్లి ఉన్నాను. స్వరూప తల్లిని కిందికి తీసుకొచ్చింది. ఎండకు కమిలిన ముఖం, ఎర్ర అంచు చీర. గడప దగ్గరే ఆగిపోయింది, లోపలికి రావచ్చో లేదో అన్నట్టు.

కామేశ్వరి గారు వెళ్లి చెయ్యి పట్టుకుని మంచం దాకా తీసుకొచ్చారు. "అత్తయ్యా, ఎవరొచ్చారో చూడండి" అన్నారు.

పెద్దావిడ మీట నొక్కారు. లచ్చమ్మ తన గొంతు తాను వినడం అదే మొదటిసారి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బిడ్డ వంక చూసింది.

"నేనేనా గిది? గింత గట్టిగ పాడుతనా?"

"నువ్వేనే అమ్మా."

"సిగ్గయితున్నది. బంద్ చెయ్యిండ్రి."

"నేను ఆపను" అన్నారు పెద్దావిడ. "నువ్వు పాడితే ఆపుతాను."

లచ్చమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. చాప కోసం చూడకుండా మంచం పక్కన నేల మీదే కూర్చుంది. ఒక చరణం పాడింది. రెండో చరణానికి పెద్దావిడ అందుకున్నారు, తన ఊరి మాటలతో. వరస ఒకటే. మాటలు కలవని చోట లచ్చమ్మ ఆగి, "మీరేమన్నరు? మల్ల ఒకసారి అనుండ్రి" అంది. పెద్దావిడ అన్నారు. లచ్చమ్మ ఆ మాట పెట్టి పాడి చూసింది. బాగుందన్నట్టు తల ఊపింది.

స్పీకరు ఇంకా మోగుతూనే ఉంది. వంగి దాన్ని ఆపేశాను. ఎవరూ గమనించలేదు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి విని, నా సంచి తీసుకుని, చెప్పకుండానే వచ్చేశాను.